ఎడమచేతి గురించి ఒక మాట

మా ఊరి నడిబొడ్డున, కోర్టు భవనానికి రెండు వీధుల అవతల బేస్‌బాల్ స్టేడియం ఉంది. పెద్ద లీగుకు మూడు మెట్ల కింద ఆడే జట్టు మాది. అక్కడ టిక్కెట్టు చూసి జనాన్ని వాళ్ళ సీట్లకు చేర్చడం నా పని. మా ఆయన పోయాక, లైబ్రరీలో అక్షరాలు నేర్చుకుని సంపాదించుకున్న మొదటి ఉద్యోగం అది.

ఆ రోజుల్లో ఊళ్ళోవాళ్ళే తలా ఒక ఆటగాణ్ణి వేసవంతా ఇంట్లో ఉంచుకునేవాళ్ళు. ఆ ఏడు నా వంతుకు రైలన్ వచ్చాడు. ఓక్లహోమా పిల్లవాడు, ఇరవై మూడేళ్ళు, ఎడమచేత్తో బంతి విసిరేవాడు.

"మిస్ ఓర్లీన్, మీ మొక్కజొన్న రొట్టెలు ఇలాగే తింటే బంతికి బదులు నేనే దొర్లుతాను," అనేవాడు.

"దొర్లితే దొర్లావు గానీ బేస్ దాకా చేరతావు. మీ జట్టులో ఆ మాత్రం చేరేవాడు లేడు," అనేదాన్ని.

బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ వెనక వరస నాది. వేరే జట్ల తరఫున ఆటగాళ్ళను పరీక్షించడానికి వచ్చే స్కౌట్లు, బంతి వేగం కొలిచే యంత్రాలు పట్టుకుని అక్కడే కూర్చునేవారు. ఆటగాడి ఒంటి సంగతి వాళ్ళ దగ్గర ఎత్తకూడదని మాకు మొదటిరోజే చెప్పారు. "జలుబు అంటే క్షయ అని రాసుకుంటారు," అనేవాడు మా మేనేజర్.

జూలైలో ఒక పొద్దున రైలన్ వంటింట్లోకి వచ్చి, మెడ పట్టేసిందని ఎడమ భుజం రుద్దుకుని, ఊరగాయ సీసా మూత కుడిచేత్తో తీశాడు. అప్పుడే చెప్పాడు.

"స్కౌటు గాస్కిన్స్ గారి జట్టు నన్ను అడుగుతోందట. ఆదివారం ఆట చూసి తేల్చేస్తారట. కుదిరితే సోమవారమే ప్రయాణం."

"అంత తొందరగానా?"

"రెండు మెట్లు ఒక్కసారే, మిస్ ఓర్లీన్!"

నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నావి కాని అడుగుల చప్పుడు వినక వాడు వచ్చేనాటికి నాలుగేళ్ళయింది. మధ్యాహ్నానికి వాడి మెడ సర్దుకుంది. సాయంత్రం ఎడమచేత్తోనే నా చెత్తడబ్బాలు రెండూ వీధిలోకి మోసుకెళ్ళాడు.

ఆదివారం పొద్దున వాన పడింది. నేను సీట్లు తుడుస్తుంటే గాస్కిన్స్ గారు వచ్చారు.

"ఏంటి ఓర్లీన్ గారూ, మీ వాడికి తిండి పెడుతున్నారా, కడుపు మాడుస్తున్నారా?"

"నా ఫ్రిజ్ వచ్చి చూడండి. మిగిలింది వెలుతురే."

ఆయన మైదానం వైపు చూస్తూ, "చెయ్యి బాగానే ఉందా?" అన్నారు.

నాకు తెలియదు అనాలి. లేదా ఊరుకోవాలి.

"ఈ మధ్య సీసా మూత కూడా కుడిచేత్తోనే తీస్తున్నాడు," అన్నాను.

ఈ మధ్య అన్నాను. ఒక్క పొద్దున అనలేదు. ఆ తేడా తెలిసే అన్నాను.

ఆయన ఏమీ రాసుకోలేదు. రైలన్ ఆ రోజు తొమ్మిది మందిని అవుట్ చేశాడు. గాస్కిన్స్ గారు ఆట సగం కాకముందే యంత్రాన్ని సంచిలో పెట్టుకుని లేచిపోయారు.

సోమవారం ఫోను రాలేదు. మర్నాడూ రాలేదు. పదిరోజుల తర్వాత, కొత్తవాడికి చోటు కావాలని మా జట్టే రైలన్‌ని వదిలేసింది. నేనే కారులో బస్టాండుకు తీసుకెళ్ళాను. ఈ జట్టుకు నేను నప్పలేదంతే అనుకుంటాడని, నాలుగు రోజుల్లో మరచిపోతాడని నాకు నేను చెప్పుకుంటున్నాను.

"తొమ్మిది మందిని పడగొట్టినా వద్దన్నారంటే నా విసురులోనే ఏదో తప్పుంది," అన్నాడు. "చలికాలమంతా నాకు బంతి విసరడం నేర్పిన మా మామ దగ్గర కూర్చుని చెయ్యి తిప్పే తీరే మార్చేస్తాను."

"మార్చకు."

"మార్చకపోతే ఎవరు తీసుకుంటారు?"

అలా మార్చుకున్నవాళ్ళను నేను చూశాను. పాతది పోయేది, కొత్తది వచ్చేది కాదు. కారు పక్కకు ఆపి, గాస్కిన్స్ గారితో అన్న మాట అన్నట్టే చెప్పాను.

వాడు నా వైపు తిరిగాడు.

"ఎందుకన్నారు?"

"వెళ్ళిపోతావని."

"అయితే నా విసురులో తప్పేమీ లేదు."

"ఏమీ లేదు."

"ఇప్పుడైనా నిజమే చెబుతున్నారా?"

"నిజమే, నాయనా."

మళ్ళీ కారు తీశాను. బస్టాండు దగ్గర సంచి తనే దించుకున్నాడు. నేను పొట్లం కట్టిచ్చిన రొట్టెలు సీటు మీదే వదిలేశాడు. బస్సు తలుపు దగ్గర సంచి కింద పెట్టి, ఖాళీ ఎడమచేతిని ఒకసారి నెమ్మదిగా, ఎప్పుడూ తిప్పే తీరులోనే తిప్పి చూసుకున్నాడు. నా వైపు తిరగలేదు.

అటునుంచి నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నా ముందే గాస్కిన్స్ గారికి ఫోన్ చేశాడు. వాళ్ళు అప్పటికే ఇంకో ఎడమచేతివాణ్ణి తీసుకున్నారట. నన్ను ఆ వరసలోంచి మార్చారు. ఆటగాళ్ళకు గది ఇచ్చే ఇళ్ళ జాబితాలోంచి నా పేరు తీసేయమని మాత్రం నేనే అడిగాను.