తాతకు మోకాళ్ల నొప్పులు

వరదకు మా వాడలోని మగ్గాల గుంటలన్నీ నిండిన ఏటికి అది రెండో ఏడు. శ్రావణమాసం. మా మనుమరాలు అఖిల ఒక్కతే విమానమెక్కి ఐర్లాండ్ పోయింది. దానికి ఎనిమిదేళ్లు.

మా బిడ్డ సుచరిత అక్కడ నర్సు. అల్లుడు రాజేందర్‌కు కూడా అక్కడే పని. పిల్లను మా దగ్గర వదిలి ముందు వాళ్లిద్దరూ పోయారు. ఇల్లు కుదిరి, బడి కుదిరి, ఇక పిల్లను తెచ్చుకుందాం అనుకునేసరికి సుచరితకు నెలలు నిండుతున్నాయి. ఆమె విమానం ఎక్కకూడదు. ఆమెను వదిలి అల్లుడు రాలేడు. శ్రావణం పోకముందే అక్కడ బడి మొదలు.

"బాపూ, పిల్లను నువ్వే పట్కరా," అంది ఫోన్లో. "వీసా, టికెట్ మేం చూసుకుంటం. నెల రోజులుండి పోదువు. నీకు పాస్‌పోర్టు ఉండనే ఉండె గద."

ఉంది. పోయిన ఏడు ఆమే అక్కడి నుంచి చెప్పి తీయించింది. మా ఇంటామె శారదమ్మకు అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, దుమ్ము తగలొద్దన్నారు. మిగిలింది నేనే.

"నా మోకాళ్లు బాగలేవు బిడ్డా," అన్నాను.

నేను ఎప్పుడూ ఎక్కువ మాట్లాడను. అందుకని మళ్లీ ఎవరూ అడగలేదు.

నా మోకాళ్లకు ఏమీ లేదు. పొద్దుందాకా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతాను. భయం విమానానికి కూడా కాదు. పాస్‌పోర్టు ఆఫీసులో ఒక పిల్లవాడు నన్ను ఏదో అడిగాడు. అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. నేను చదివింది మూడు తరగతులు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. దారిలో ఖతర్‌లో విమానం మారాలట. అక్కడ ఎటు పోవాలో తెలియక, గోడల మీది రాతలు చూస్తూ నిలబడితే అఖిల నా చెయ్యి పట్టుకుని నా ముఖంలోకి చూస్తుంది. నా భయం ఆ చూపుకు.

తోడు లేని పిల్లలను విమాన కంపెనీ వాళ్లే చెయ్యి పట్టుకుని ఎక్కించి, మారేచోట మార్పించి, తల్లిదండ్రులకు అప్పజెబుతారని అల్లుడు కనుక్కున్నాడు. అట్లనే కానియ్యమన్నాను.

ఊరు ఊరుకోదు. టీ కొట్టు విజేందర్ నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏం మామా, గొర్రెపిల్లను లారీ ఎక్కించినట్టు పొల్లను ఎక్కిస్తున్నవట? జర నువ్వు తోడు పోరాదు?"

"మోకాళ్లు," అనేవాణ్ణి.

పక్కింటి నాగరాణి మొహం మీదే అంది. "నా పిల్లనైతే రామన్నపేట సంతకు గూడ ఒక్కదాన్ని పంప, చిన్నాయినా. గుండె ఎట్లొచ్చింది మీకు?"

వాళ్లకు జవాబు అఖిలే చెప్పేది. "మా తాతకు మోకాళ్ల నొప్పులు. లేకుంటే వచ్చేటోడే. గాయినదేం తప్పు లేదు." పొద్దుమూకి బడి నుంచి రాగానే నువ్వుల నూనె వేడి చేయించుకుని నా కాళ్ల దగ్గర కూర్చునేది. రెండు మోకాళ్లకూ రాసేది. "జర తక్కువైందా తాతా?" అని అడిగేది. తక్కువైందని చెప్పేవాణ్ణి. పోయే దినం దాకా రాసింది. నేను రాయనిచ్చాను.

టికెట్ శుక్రవారానికి దొరికింది. అదీ శ్రావణ శుక్రవారం. శారదమ్మ నెత్తి కొట్టుకుంది.

"శుక్కురారం ఆడపిల్లను ఇంట్లకెళ్లి పంపుతారయ్యా? అండ్ల పడమటి దిక్కు. పడమటికి శుక్కురారం శూల. గా అల్లునికి పంచాంగం తెల్వదు సరే, నీకు తెల్వదా?"

"పరస్థానం పెడదాం," అన్నాను.

ప్రయాణం రోజు మంచిది కాకపోతే మాలో అట్లా చేస్తాం. ముందే ఒక మంచిరోజు చూసి, పోయేవాళ్ల సామానులో ఒకటి పోయే దిక్కున ఉన్న ఇంట్లో పెడతాం. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. ఆ వస్తువు మళ్లీ ఇంట్లోకి రాకూడదు, పోయేనాడు దారిలో అందుకుని పోవాలి. ఏదో పాత గుడ్డ పెడితే చెల్లదు. అది లేకుండా ప్రయాణం సాగదనే వస్తువు కావాలి. శారదమ్మ బాగా ఆలోచించి అఖిల భుజానికి వేసుకునే సంచి తీసింది. పాస్‌పోర్టు, టికెట్, కాగితాలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. బుధవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి, అఖిల చేతనే మోయించి, మాకు పడమట ఉన్న నాగరాణి ఇంటి వెనక వసారాలో మేకుకు తగిలించాం.

శుక్రవారం చీకటితోనే మా వాడ డ్రైవరు శ్రీశైలం కారు తెచ్చాడు. పెట్టె ఎక్కించాం. శారదమ్మ పిల్లకు బొట్టు పెట్టి, నల్లకళ్లద్దాల కింద కొంగు అద్దుకుంటూ నిలబడింది. సంచి తీసుకుందామని నాగరాణి ఇంటి ముందు కారు ఆపాం. గేటుకు తాళం.

"నాగరాణీ!" అని శారదమ్మ పిలిచింది. పలుకు లేదు.

విజేందర్ నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చాడు. "ఆమె యాడుందత్తా? నిన్న మాపటికే పాయె. కోస్గిల మేనమామ సచ్చిపోయిండని ఫోనొస్తే ఏడ్సుకుంట బస్సెక్కింది."

ఫోన్ చేశాం. మోగలేదు. మళ్లీ చేశాం. కోస్గి పోయి తాళం చెవి తేవాలంటే పొద్దంతా పడుతుంది. శారదమ్మ గేటు పట్టుకుని ఊపింది. "దేవుడా, పరస్థానం పెట్టి పయనమే ఆపితిమి గద!" వాడలో నలుగురు పోగయ్యారు. ఒకరు తాళం పగలగొట్టుమన్నారు, ఇంకొకరు సావు ఇంటికి పోయినోళ్ల తాళం పగలగొట్టొద్దన్నారు. కారులో అఖిల అద్దానికి ముఖం ఆనించి ఉంది. ఏడవడం లేదు గాని పెదవి బిగబట్టింది. తల్లిని చూసి రెండేళ్లయింది.

శ్రీశైలం కారు దిగి, ప్యాంటు పైకి లాక్కుని, బొర్ర తడుముకుంటూ గోడ వైపు చూశాడు. "నేనెక్కాల్నంటే నిచ్చెన గావాలె మామా," అన్నాడు.

అప్పటికే నేను గోడ మీద ఉన్నాను.

ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. పంచె ఎగగట్టానో లేదో కూడా గుర్తు లేదు. గోడ నెత్తిన సీసపెంకులు పాతి ఉన్నాయి. అరచేయి చీరుకుంది. అవతలికి దుమికి, వెనక వసారాకు ఉరికి, సంచి మెడలో వేసుకుని, మళ్లీ ఎక్కి, ఇవతలికి దుమికాను. రెండు కాళ్ల మీద సరిగ్గా నిలబడ్డాను.



"మామా," అన్నాడు విజేందర్, నోట్లో పుల్ల తీసి. "మోకాళ్లకు ఏ మందు రాసినవే? జర మా నాయినకు గూడ చెప్పు."

అందరూ నవ్వారు. శారదమ్మ నవ్వలేదు. నేను కారు వైపు చూశాను. అద్దం వెనక అఖిల నా ముఖం చూడడం లేదు. నా కాళ్లు చూస్తోంది.

దారి పొడుగునా అది ఏమీ అడగలేదు. చౌటుప్పల్ దాటాక తన చేతిరుమాలు తీసి నా అరచేతికి చుట్టింది. ముడి గట్టిగా వేసింది. "రక్తం కార్తాంది," అంది. అంతే. అడిగితే ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. అడగలేదు.

విమానాశ్రయంలో, పిల్లను అప్పజెప్పేచోట ఒక ఆడమనిషి ఉంది. కంపెనీ కోటు వేసుకుంది. మంచిది. తెలుగులోనే మాట్లాడింది. అఖిల మెడలో కాగితాల సంచి వేసి, నా చేత సంతకం పెట్టించుకుంది. నేను ఒక్కో అక్షరం రాస్తుంటే ఆగింది.

"ఇంత చిన్న పాపను ఒంటరిగా పంపుతున్నారేంటి పెద్దాయనా? ఇంట్లో వచ్చేవాళ్లు ఎవరూ లేరా?"

నేను నోరు తెరిచేలోగా అఖిల అందుకుంది. "మా తాతకు మోకాళ్ల నొప్పులు. విమానంల గంత సేపు కూసోలేడు."

చెప్తూ నా వైపు చూడలేదు. బల్ల మీది కలం వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆ మాట నమ్మి చెప్పింది. ఇప్పుడు తెలిసి చెప్పింది. నాకోసం.

"అయ్యో, దానికేముంది," అంది ఆ మనిషి. "చక్రాల కుర్చీ ఇస్తాం కదా! ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఎంతమంది అట్లాగే పోతుంటారు. తోసే మనిషే అన్నిచోట్లా చూపించి విమానం ఎక్కిస్తాడు. నోరు విప్పే పని కూడా ఉండదు. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. నా చేతి కట్టు చూసి, పడ్డాననుకుందో ఏమో, కుర్చీ తెప్పించింది. "కూర్చోండి, కారు దాకా దింపి వస్తారు."

వద్దని చెప్పొచ్చు. నడవగలనని చెప్పొచ్చు. అప్పుడు పిల్ల అబద్ధమాడినట్టు అవుతుంది. అఖిల నన్ను చూసింది. తల కొంచెం ఊపింది, కూర్చో అన్నట్టు.

కూర్చున్నాను.

"పోయొస్త తాతా. పైలం," అంది.

ఆ మనిషి అఖిల చెయ్యి పట్టుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల భుజాన సంచితో నడిచి పోయింది. నన్ను కుర్చీలో తోసుకుపోయారు. అది మలుపు దగ్గర తిరిగి చెయ్యి ఊపింది. నేను కుర్చీలో నుంచే ఊపాను.

బయట శ్రీశైలం చూసి ఉరికి వచ్చాడు. "మామా! ఏమైందే? పడ్డవా?"

లేచి కారు దాకా నడిచాను.

ఇంటికి వచ్చాక శారదమ్మ చేతికట్టు విప్పి పసుపు అద్దింది.

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఏడ్సిందా?"

"లేదు."

"నయమే," అంది. "సీసపెంకలు చేతికే గీరుకున్నయి. మోకాళ్లకు గీరుకుంటే ఎట్ల, అసలే నొప్పులాయె."

ఆ తర్వాత తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు. పిల్ల చేరిందని సుచరిత ఫోన్ చేసినప్పుడు కూడా ఆమే మాట్లాడి పెట్టేసింది.

మరుసటి పొద్దున మగ్గం దగ్గరికి పోలేదు. అక్కడ తెల్లవారే వేళ ఎప్పుడో శారదమ్మను అడిగి, అందాకా అరుగు మీద కూర్చున్నాను. ఎండ ఎక్కాక నేనే సుచరితకు ఫోన్ చేశాను. నేను ఫోన్ చేయడం అదే మొదలు.

"బాపూ! కాళ్లు గంత నొస్తున్నయా నీకు?" అంది ఎత్తగానే. "కుర్చీల కూసోబెట్టి తీస్కపోయిండ్రని అఖిల చెప్పింది. నాకు నిద్ర పట్టలె."

"ఇంకేం చెప్పింది?"

"ఇంకేం లేదు."

గోడ సంగతి తల్లికి కూడా చెప్పలేదన్నమాట.

"బిడ్డా, నా మోకాళ్లకు ఏం లేదు," అన్నాను. "ఎన్నడూ లేదు. నిన్న నాగరాణి గోడ దునికిన. అఖిల చూసింది. చూసి గూడ నన్ను కాచింది."

"మరెందుకు రాలె బాపూ?"

"సదువు రాదు. ఆడ, పిల్ల ముంగట నవ్వులపాలైతననుకున్న."

అవతల ఫోన్ చేతులు మారింది. అఖిల గొంతు వచ్చింది. నిద్ర తీరని గొంతు.

"అమ్మకు అన్నీ చెప్పినవా తాతా?"

"చెప్పిన. నువ్విగ ఏం దాచకు."

"విమానం మారే కాడ నేనే అన్ని అడిగిన," అంది. "నాకు ఇంగ్లీషొచ్చు గద. నువ్వొస్తే నిన్ను గూడ తీస్కపోదును."

ఫోన్ శారదమ్మకు ఇచ్చి బయటికి వచ్చాను. విజేందర్ టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి జరిగి జాగా ఇచ్చారు. ఎవరో అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

నేను కూర్చోలేదు.

"మోకాళ్లు మంచిగనే ఉన్నయి," అన్నాను. "భయానికే పిల్ల వెంట పోలె."