యాభై రెండున్నర

కుడి మూల ఆదిశేషుది, ఎడమ మూల ఖాదర్ హుస్సేన్‌ది. బండిలోంచి తడి దుప్పటి లాగడం, చెరో మూలా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించడం, అంచు ముడత పడకుండా వేడి ఇస్త్రీ రోలరు నోటికి అందించడం. అది లోపలికి పోయేలోగా చేతులు మళ్లీ బండిలో ఉండాలి. గల్ఫ్‌లో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలోని ఆ లాండ్రీకి పదహారు హోటళ్ల దుప్పట్లు వస్తాయి. ఆదివారమని హోటళ్లలో జనం పడుకోవడం మానరు కాబట్టి ఆదివారం కూడా పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా డ్యూటీయే. ఈ ఇద్దరూ పదకొండేళ్లుగా ఒకే దుప్పటికి చెరోపక్కా నిలబడుతున్నారు. ఆదిశేషు పెళ్లాంతో కలిసి ఉన్న రోజులన్నీ కూడినా అందులో నాలుగోవంతు రావు.

ఆదిశేషుకి యాభై నాలుగేళ్లు. పొడుగు మనిషి, రోలరుకి వంగీ వంగీ మెడ ముందుకు సాగింది. వేడి గుడ్డలు పట్టుకున్న వేళ్ల మీద గీతలు అరిగిపోయి గేటు దగ్గర వేలిముద్రల మిషను అతన్ని గుర్తుపట్టడం మానేసింది. కాపలావాడు రోజూ నవ్వి చేత్తో లోపలికి తోసేస్తాడు. దాని గురించి ఆదిశేషు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేయొచ్చని తోచను కూడా లేదు.

గోడవారగా ప్లాస్టిక్ చుట్టిన కొత్త యంత్రం నిలబెట్టి ఉంది. దుప్పటి మూలలు దాని క్లిప్పులకి తగిలిస్తే చాలట, సాగదీసుకోవడం, రోలరుకి అందించుకోవడం అదే చూసుకుంటుందట. దానికి ఒక్క మనిషి చాలు. గురువారం నాడు ముదీర్, అంటే మేనేజరు, ఇద్దరినీ ఆఫీసుకి పిలిచి ఆ మాటే చెప్పాడు. ఒకరు ఉండాలి, ఒకరు ఇంటికి పోవాలి. పనిలో ఇద్దరికీ తేడా లేదు కనుక మీరే తేల్చుకుని ఆదివారం పన్నెండులోగా ఒక పేరు చెప్పండి, లేకపోతే నేనే ఒకటి రాసేస్తానన్నాడు. తను చేస్తున్నది పెద్ద దయ అని అతని నమ్మకం. బయటికొచ్చాక ఖాదర్, ఆదివారం ఆటలో తేల్చుకుందాం అన్నాడు. ఆదిశేషు సరేనన్నాడు. అంతకుమించి ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఆట అంటే అమెరికాలో కాలేజీ పిల్లలు ఆడే ఫుట్‌బాల్. పేరుకే ఫుట్‌బాల్, బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారు, మిగతావాళ్లు మీదపడి కుమ్మేస్తారు. పనివాళ్లుండే క్యాంపులో వీళ్ల గదిలో ఆరుగురు. రెండేళ్ల కిందట క్రికెట్ మీద పందెం కాసి కొట్టుకుంటే భీమవరం వెంకీ ముక్కు పగిలింది. అప్పుడు మడతల టేబులు దగ్గర పనిచేసే రమీజ్ ఒక ఉపాయం చెప్పాడు. మనలో ఎవరికీ తెలియని ఆట, ఎవరికీ అభిమానం లేని జట్లు. గెలుపోటములతో పని లేదు, రెండు జట్ల పాయింట్లూ కూడితే ఫోనులో చూపించిన అంకెకన్నా ఎక్కువా, తక్కువా, అంతే. అంకె పక్కన ఒక్కోసారి అర ఉంటుంది, సమానమనే పేచీ రాకుండా. డబ్బు పందెం ఈ దేశంలో నేరం, వీళ్లకి దాని అవసరమూ లేదు. బాత్రూం ఎవరు కడగాలి, కింది మంచం ఎవరిది, ఏసీ ఎదురుగా ఎవరు పడుకోవాలి, అన్నీ ఆ అంకే తేల్చేది. అక్కడ శనివారం రాత్రయితే ఇక్కడ ఆదివారం పొద్దున్న. రెండేళ్లలో ఆదిశేషు ప్రతిసారీ తక్కువే అన్నాడు. ఎక్కువ అని అడిగే నోరు అతనికి పుట్టుకతోనే లేదు.

ఈసారి అంకె యాభై రెండున్నర. ఆదిశేషు తక్కువ, ఖాదర్ ఎక్కువ.

ఏడున్నరకి ఆట మొదలైంది. రమీజ్ ఏప్రాన్ జేబులో ఫోను దాచి, స్కోరు మారినప్పుడల్లా ఆవిరి అవతలినుంచి వేళ్లు చూపిస్తున్నాడు. ఎనిమిదిన్నరకి పదిహేడు. ఆదిశేషు దుప్పటి అందించాడు. భయంగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేవాడు. ఓడిపోతే ముమ్మిడివరం దగ్గర తన ఊరికి పోవాలి. ఆ ఊరు అతనికి తెలియదు. కిందటిసారి సెలవుకి వెళ్లినప్పుడు కూతురు దేవి గుమ్మంలో నిలబడి, "మీరు టీ తాగుతారా, కాఫీయా నాన్నా?" అని అడిగింది. భార్య పాపాయమ్మ మూడోరోజుకే, మళ్లీ ప్రయాణం ఎప్పుడని మర్యాదగా కనుక్కుంది. ఆ నలభై రోజులూ అరుగు మీద కూర్చుని, పదిమంది పొద్దున్నే ఎటో పోవడం చూస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. తిరిగొచ్చి క్యాంపు మంచం మీద పడుకున్న రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు.

పదింటికి ముప్పై ఎనిమిది. పదిన్నర దాటాక యాభై ఒకటి. ఇంకెవరు ఏ రకంగా పాయింట్లు చేసినా ఖాదర్ గెలిచినట్టే.

టీ విరామంలో అందరూ వెనక రేకుల షెడ్డులో ఫోను చుట్టూ మూగారు. ముందంజలో ఉన్న జట్టు చేతిలోనే బంతి ఉంది, గీతకి రెండడుగుల దూరం. ఖాదర్ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. ఆదిశేషు టీ తాగడం మర్చిపోయాడు. బంతి అందుకున్న కుర్రాడు పరిగెత్తలేదు. అక్కడే ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చున్నాడు. రెండోసారీ అదే పని. టైం అయిపోయింది, అంతా చేతులు కలుపుకుంటున్నారు.

"రెండడుగులేస్తే పోయేదిగా, కూర్చుంటాడేంటి బాబాయ్?" అన్నాడు వెంకీ చిరాగ్గా. గెలిచేశారు కదా, వాళ్లకింక పాయింట్లు అక్కర్లేదని రమీజ్ విప్పి చెప్పాడు.

యాభై ఒకటి. తక్కువే, ఆదిశేషు గెలిచాడు. ఉండిపోవచ్చు. ఖాదర్ ముఖంలోకి చూడాలంటే సిగ్గేసింది. ఖాదరే దగ్గరికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లున్నాయి.

"ముబారక్ శేషన్నా. నువ్వు గెలిచినావు. ఇంటికి పోతాండావు."

ఆదిశేషుకి ముందు అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. గెలిచినవాడు ఉంటాడని తను అనుకున్నాడు. గెలిచినవాడు ఇంటికి పోతాడని ఖాదర్ అనుకున్నాడు. ఖాదరే కాదు, రమీజ్, వెంకీ, ఆ షెడ్డులో ఉన్న ప్రతివాడూ అలాగే అనుకున్నాడు. అందరూ వీపు తడుతున్నారు. అదృష్టమంటే నీదే అంటున్నారు. ఇంటికి పోవడం ఓడిపోవడమని అనుకున్నవాడు ఆ షెడ్డు మొత్తానికి తనొక్కడే.

"నాకే కావాలని అడగనీకి నోరు రాలేదన్నా. నీకూ ఇల్లుంది గదా," అన్నాడు ఖాదర్. "ఇంట్లో రజియాకి చెప్పనే లేదులే. చెప్పింటే ఆశ పెట్టుకునేది." ముంజేత్తో ముఖం తుడుచుకుని, పేరు చెప్పి వస్తానని ఆఫీసు వైపు నడిచాడు.

షెడ్డు నుంచి ఆఫీసు అద్దం తలుపు దాకా నలభై అడుగులుంటాయి. ఖాదర్‌ది బారు నడక కాదు, కాలు కొంచెం ఈడుస్తాడు. పిలిస్తే వినపడుతుంది. నేను ఉంటాను, నువ్వు వెళ్లు భాయ్. అంతే అనాలి. ఆ మాటకి ఇద్దరికీ కావలసింది దొరుకుతుంది. కానీ అంటే ఎందుకని అడుగుతారు. ఇంటికెళ్లడం ఇష్టంలేని మనిషిని వెంకీ ఎలా చూస్తాడో, రమీజ్ ఎలా చూస్తాడో, రేపు గదిలో ఎవరు ఏమంటారో ఆదిశేషు కళ్లకి కట్టింది. నోరు తెరిచాడు. చల్లారిన టీ ఒక గుక్క తాగాడు. అద్దం తలుపు తెరుచుకుని మూసుకుంది.

తర్వాత రెండింటిదాకా ఇద్దరూ దుప్పట్లు అందించారు. కుడి మూల, ఎడమ మూల. ఒక్క ముడతా పడలేదు.

సాయంత్రం ఇంటికి ఫోను చేశాడు. వచ్చేస్తున్నానని చెబితే పాపాయమ్మ ఎన్నాళ్లకని అడిగింది.

"మొత్తానికే."

"మంచిదేనండి. ముందుగదిలో చెల్లాయి వాళ్ల ధాన్యం బస్తాలున్నాయి. తీయించాలి మరి," అంది. తీయించమన్నాడు. ఇంకేమీ తోచక, వాన పడుతోందా అని అడిగాడు. లేదంది.

ప్రయాణానికి ముందు ఆ నాలుగు రోజులూ ఏ బాధా లేదు, ఏ సంతోషమూ లేదు. తాడు బిగించి అట్టపెట్టె కట్టింది వెంకీ. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు, ఊరు రాసింది రమీజ్. గేటు దగ్గర కార్డు తీసుకున్న కాపలావాడు అలవాటుగా మిషను వైపు చూపించాడు. ఆదిశేషు వేలు పెట్టాడు, అది గుర్తుపట్టలేదు, ఇద్దరూ నవ్వారు. గురువారం మధ్యాహ్నం కంపెనీ వ్యాను వచ్చేసరికి ఖాదర్ కొత్త యంత్రం దగ్గర డ్యూటీలో ఉన్నాడు. ఒక్కడే రెండు మూలలూ తగిలిస్తున్నాడు, వచ్చి సాగనంపే వీలు లేదు. ఆదిశేషు అతనికోసం చూడలేదు. వ్యాను మలుపు తిరిగేదాకా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

డ్యూటీ దిగి వచ్చిన ఖాదర్ అన్నం పెట్టుకుందామని గది బయట వంటగదిలోకి వెళ్లాడు. బయల్దేరే ముందు తిన్న కంచాన్ని ఆదిశేషు రోజూలాగే కడిగి, మిగతా అయిదింటి పక్కన బోర్లించి వెళ్లిపోయాడు. కంచం అడుగున స్టీలు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన ఆదిశేషు, పాపాయమ్మ పేర్లు, కింద పెళ్లి తేదీ, అంచున ఇంకా జారని ఒక నీటిబొట్టు.