దెబ్బ తాకకుండా

ఎల్లేష్ శవం మీద ఒక్క గీత కూడా లేదు. చెవుల్లోంచి, ముక్కులోంచి సన్నగా రక్తం కారి ఎండిపోయింది, అంతే. పంతొమ్మిదేళ్ల మా మరిది మేళ్లచెరువు అవతల కృష్ణ ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లలో మునిగి వల చిక్కు తీస్తుంటే, దగ్గర్లోనే మందు పేల్చి చేపలు పట్టే దామోదర్ జిలెటిన్ కట్ట వెలిగించి విసిరాడు. సిమెంటు రాయి క్వారీల్లో పేల్చే మందు అది. నీళ్లలో పేలితే చేపలు పొట్టలు తెల్లగా తేలేసి పైకొస్తాయి. ఆ పొద్దు చేపలతో పాటు ఎల్లేష్ కూడా తేలాడు. గట్టు మీదున్న మా ఆయన పరమేష్ కళ్లారా చూశాడు. ఠాణాలో మాత్రం మునిగి చనిపోయాడని రాశారు. "దెబ్బ ఏదమ్మా? చూపించు," అని మా అత్త గోపమ్మను అడిగారు. చూపించడానికి ఏముంది?

పదో దినం నాడు దామోదర్ అరసంచి బియ్యం భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. సంచి దించి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"జరగరానిది జరిగింది పరమేషూ. ఏం జేస్తం? మంచుల నాకు కనవడలే. నీ తమ్ముడు గూడ జర ఒర్రాలె గదా, నేనీడున్ననని."

"మునిగినోడు ఎట్ల ఒర్రుతడురా?" అంటూ పరమేష్ గోడకు ఆనించిన తెడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బ దామోదర్ భుజం మీద పడింది. రెండోది పడలేదు. దామోదర్ మనిషి దున్నపోతంత ఉంటాడు. తెడ్డు గుంజి పారేసి, మా ఆయన జుట్టు పట్టి రోలుకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను చంకలో బిడ్డతోనే పోయి వాడి చెయ్యి కొరికాను. నోట్లోకి ఉప్పటి రక్తం వచ్చింది. వాడు చెయ్యి విదిలించుకుని నా ముఖంలోకి చూసి నవ్వాడు.

"నీ మొగుణ్ణి జర కట్టేసుకో చెల్లె. మల్ల లేస్తే మల్ల పంటడు."

పరమేష్ ముందు పన్ను ఒకటి రోలు పక్కన పడి ఉంది. మా అత్త ఆ బియ్యం సంచి ఈడ్చుకెళ్లి పెంటకుప్ప మీద కుమ్మరించింది.

తర్వాత నెల రోజులు మా ఆయన అన్నం ముందు కూచుని లేచేవాడు. ఒకరోజు కోదాడ పాత సామాను కొట్టు నుంచి ట్రాలీ ఆటోలో ఒక వింత బండి తెచ్చాడు. ఎక్కడో మూతపడిన బోటింగు జాగాలోదట. నీళ్ల మీద పోయే మోటారు సైకిలు లాంటిదే కానీ కూచోడానికి సీటు లేదు. ముక్కు దగ్గర బిగించిన పొడవాటి కడ్డీ, దాని చివర హ్యాండిల్. అది పట్టుకుని వెనక పళ్లెం లాంటి చోట నిలబడాలి. నిలబడి నడిపే జెట్ స్కీ అని చెప్పాడు.

"గిదేందయ్యా, నాగలి లెక్కుంది?" అన్నాను.

"నాగలే. నీళ్లు దున్నాలె." చాలా రోజులకు నవ్వాడు, పన్ను పోయిన సందు కనపడేలా. "పుట్టి పడవ మీద పోతె వలల కాడికి గంట. దీని మీద అయిదు నిమిషాలు. ఇగ మన వలల దిక్కు ఎవడొస్తడో సూస్త."

నేను నమ్మాను. మనిషి తింటున్నాడు, పడుకుంటున్నాడు, అదే పదివేలనుకున్నాను. పనిలో నేనూ చేయి కలిపాను. బండి కడుపులో నింపిన స్పాంజి ఏళ్ల తరబడి నీళ్లు తాగి రాయిలా బరువెక్కింది. కొడవలితో తోడి తోడి గంపలకెత్తాను. దాని స్థానంలో కోదాడ హైవే హోటళ్ల దగ్గర ఏరుకొచ్చిన ఖాళీ నీళ్ల సీసాలు, మూతలు బిగించి పేర్చాము. బండి సగానికి సగం తేలికైంది. పాదాలు జారకుండా పళ్లెంలో టైరు ముక్కలతో పట్టీలు వేశాడు. మలుపులో వెనక భాగం పక్కకు జారిపోతోందని రెండు పక్కలా రెక్కల్లాంటి పట్టీలు బిగించాడు. హ్యాండిల్ రెండు కొసలూ కోసి పొట్టిగా చేశాడు. తెల్లవారుజాము చలికి ఇంజన్ పట్టేది కాదు. దవాఖాన సిరంజితో కార్బొరేటర్‌లోకి నాలుగు చుక్కల పెట్రోలు వదిలితే దగ్గి దగ్గి లేచేది.

చలి బట్టల పని నాది. తడి ఒంటితో గాలికి ఎదురుపోతే అయిదు నిమిషాల్లో వేళ్లు కొయ్యబారుతున్నాయని అన్నాడు. పాత గొంగడి కత్తిరించి చేతుల్లేని బనీను కుట్టాను. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది. దాని మీదికి లారీ ట్యూబు రబ్బరుతో కోటు. హ్యాండిల్‌కు రెక్సిను తొడుగులు.

"మెడ కాడ గట్టిగుండాలె," అన్నాడు. "రెండు గంటలు నీళ్లల్లున్నా సలి వెట్టొద్దు."

"వలలు సూసొచ్చుడు అయిదు నిమిషాలంటివి గదా. రెండు గంటలెందుకు?"

"కుట్టు ముందు."

మరునాడు అన్నం గిన్నె పట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. నీళ్లలో ఒక ఖాళీ నూనె క్యాను తేలుతోంది. పరమేష్ దాని చుట్టూ బండి తిప్పుతున్నాడు. ఒంటిని లోపలికి వాల్చి, మోకాళ్లు వంచి, గానుగెద్దులా ఒకటే చుట్టు. అలలు నాలుగు వైపుల నుంచి లోపలికి కొట్టుకుంటుంటే క్యాను మునుగుతోంది, లేస్తోంది, మళ్లీ మునుగుతోంది. చుట్టు దాటి బయటికి రావడం దాని వల్ల కావడం లేదు. బండి మాత్రం దాన్ని ఒక్కసారి కూడా తాకలేదు. ఆ క్యానుకు నీలం చొక్కా తొడిగి ఉంది. దామోదర్ ఎప్పుడూ వేసుకునే రంగు.

నా చేతిలో గిన్నె అక్కడే పెట్టేశాను. ఆయన ఒడ్డుకు రాగానే అడిగాను.

"గా అంగీ ఎందుకు తొడిగినవ్?"

"ఊకె."

"నాకు చెప్పకుంటె నేను సూది ముట్ట."

ఆయన ముఖం తుడుచుకుని నెమ్మదిగా చెప్పాడు, వల ఎక్కడ వేయాలో చెప్పినట్టు. "వాని పుట్టి బోర్లేస్త. సుట్టూ తిరుగుత. గట్టు దిక్కు ఈదితే అడ్డం పోత. లేసినప్పుడల్ల నీళ్లు మింగుతడు. బండి తాకొద్దు, నా చెయ్యి తాకొద్దు. నా తమ్ముని ఒంటి మీద గీత లేదు గదా, వానికీ ఉండొద్దు. మునిగి సచ్చిండని అదే కలంతోని రాయాలె."

"నిన్ను జైల్ల ఏస్తరు. బిడ్డకు రెండేండ్లు నిండలే."

"ఎందుకేస్తరు? దెబ్బ ఏది? సూపియ్యమను."

ఇంటికొచ్చి కత్తెర, సూది, రబ్బరు ముక్కలు అన్నీ ఆయన కాళ్ల ముందు పడేశాను. ఆయన కత్తెర తీసి నా చెవి పక్కనున్న గుంజలో పిడిదాకా దించాడు. వెంట్రుకలు నాలుగు తెగి పడ్డాయి. బిడ్డ జడుసుకుని ఏడ్చింది. మా అత్త గడప మీద నుంచి లేవలేదు.

"కుట్టు పిల్లా," అంది. "కన్నదాన్ని నేను చెప్తున్న."

కుట్టు గట్టిగా వేస్తే దామోదర్ చస్తాడు. వదులుగా వేస్తే, చలికి చేతులు పట్టు తప్పి నా మొగుడు చస్తాడు. సూది రబ్బరులో దిగుతూ నా వేలిలోకీ దిగింది. రెండు వరుసలు వేశాను. గట్టిగానే వేశాను.

పుష్యమాసం. తెల్లవారుతుండగా లేచి చూస్తే పక్కలో ఆయన లేడు. ఒడ్డు వైపు నుంచి ఇంజన్ దగ్గు వినిపించింది. నేను కొంగు బిగించి తలుపు తీయబోతుంటే మా అత్త నా రెక్క పట్టుకుంది.

"పోనియ్యి. ఆపకు."

"నీకు ఒక కొడుకు పోయిండు అత్తా. రెండోడు గూడ పోవాల్నా?"

ఆమె పట్టు వదల్లేదు. నేనే గుంజుకున్నాను. ఆమె వెనక్కి పడిన చప్పుడు విన్నాను కానీ తిరిగి చూడలేదు.

పుట్టి తిప్పడం నాకు తల్లిగారింటి విద్య. నీళ్ల మీద మంచు పాలమీగడలా ఉంది, రెండు బారల అవతల ఏమీ కనిపించదు. ఇంజన్ చప్పుడు ఒకచోటు నుంచి కాదు, చుట్టూ తిరుగుతూ వస్తోంది. అప్పుడే నీళ్లు కింది నుంచి నా పుట్టిని తన్నినట్టు ఎగిరాయి. పేలుడు ఆ తర్వాత వినపడింది. దామోదర్ బండి మీదికే మందు కట్ట విసిరి ఉంటాడు. చచ్చిన చేపలు, బురద, పొగ. ఒక్క క్షణం ఇంజన్ ఆగినట్టనిపించింది. మళ్లీ అందుకుంది.

మంచు చీలి కనిపించింది. దామోదర్ పుట్టి బోర్లా తేలుతోంది. వాడు మధ్యలో చేతులు కొట్టుకుంటున్నాడు. పరమేష్ ఎడమ చెవి నుంచి రక్తం రబ్బరు కోటు మీదికి కారుతోంది. కడ్డీ మీదికి వాలి తిరుగుతూనే ఉన్నాడు.

"పరమేషా! నీ కాళ్లు మొక్కుత!" అల వాడి నోరు మూసింది. మళ్లీ లేచాడు. "నాకు బిడ్డలున్నరు..."

"నా తమ్మునికి పెండ్లే కాలేదురా!"

వాడు గట్టు వైపు రెండు బారలు ఈదాడు. బండి అడ్డం వచ్చింది. అటు తిరిగితే అటూ వచ్చింది. వాడి తల మునిగింది. లేచేసరికి కళ్లు తెల్లబడ్డాయి.

నేను తెడ్డు వేసి చుట్టులోకి దూరాను. అలలకు పుట్టి బొంగరంలా తిరిగింది.

"ఎందుకొచ్చినవే! పో!" పరమేష్ అరిచాడు.

"నువ్వు ఆపు, నేను పోత!"

ఆపలేదు. నేను అంచు మీదికి వంగి తెడ్డు చాపాను. వాడు తెడ్డు పట్టుకోలేదు. రెండు చేతులతో నా కుడి రెక్క పట్టుకున్నాడు. నీళ్లలో మునిగే మనిషి బరువు ఎంతుంటుందో అప్పుడు తెలిసింది. పుట్టి ఒక పక్కకు లేచి మా మీద పడింది.

లోపలంతా పచ్చటి చీకటి. వాడి మోకాలు నా కడుపులో దిగింది. నన్ను నిచ్చెన చేసుకుని పైకెక్కుతున్నాడు. కరిచాను, గోళ్లతో గీరాను. బిడ్డ లేచి పాల కోసం వెతుక్కుంటుందన్న మాట ఒక్కటే తలలో గిర్రున తిరిగింది. నీళ్లు మింగాను. ఎక్కడో పైన ఇంజన్ చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది.

జుట్టు పట్టి ఎవరో పైకి లాగారు. పరమేష్. బండి వదిలి దూకాడు. దూకుతూనే దామోదర్ ముఖం మీద పిడికిలితో గుద్దాడు. ముక్కు చితికిన చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది. మళ్లీ గుద్దాడు. పెదవి చీలి రక్తం నా మీద పడింది. గుద్దిన ప్రతిసారీ వాడు మునుగుతున్నాడు; వాడితో పాటు నేనూ మునుగుతున్నాను. వాడి వేళ్లు నా రెక్కను వదల్లేదు.

మూడో గుద్దుకు లేచిన పిడికిలి గాలిలో ఆగిపోయింది. పరమేష్ నన్ను చూశాడు, వాడి చేతుల్ని చూశాడు. నన్ను పైకి తేవాలంటే వాణ్ని కూడా తేవాలి. వేరే దారి లేదు.

"నీ..." అని బూతు తిట్టి, దామోదర్ గడ్డం కింద చెయ్యి వేసి వాడి ముఖం నీళ్ల పైకెత్తాడు. ఇంజన్ మళ్లీ పట్టలేదు. మా ఇద్దరినీ బండి వెనక పళ్లెం మీదికి సగం ఎక్కించి, వెనక నుంచి కాళ్లు కొడుతూ గట్టుదాకా తోశాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. దారి పొడవునా ఆయన తిడుతూనే ఉన్నాడు, వాణ్నీ, నన్నూ, దేవుణ్నీ.

బురదలో పడ్డాము. నేను నీళ్లు కక్కాను. దామోదర్ ఊపిరి తీస్తున్నాడు, గుర్రు గుర్రుమని. వాడి వేళ్లు మాత్రం నా రెక్కకు ఇనుప కడియాల్లా బిగుసుకుపోయాయి. చలికో భయానికో, వాడు విడుద్దామన్నా విడడం లేదు. నా చెయ్యి నల్లబడుతోంది.

మా అత్త నడుము పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. రెండో చేతిలో వల కోసే కత్తి ఉంది. కొడుకు చేతికిచ్చింది.

"వేళ్లు కొయ్యి."

పరమేష్ కత్తి తీసుకున్నాడు. దామోదర్ తెరిచిన కళ్లతో చూస్తున్నాడు, గుంజుకోలేదు. నేను "వద్దు" అనడానికి కూడా వీల్లేకుండా పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

ఆయన కత్తి మొన దామోదర్ చూపుడు వేలి కింద పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కత్తి బురదలో గుచ్చి, వంగి, ఆ వేలి మీద నోటితో వెచ్చటి గాలి ఊదాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దాడు. మళ్లీ ఊదాడు. వేలు కొద్దిగా కదిలింది. లేపి పక్కకు తీశాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?" అంది మా అత్త.

ఆయనకు వినపడినట్టు లేదు. తర్వాతి వేలు అందుకున్నాడు.

"ఎల్లేష్ గాడు ఎట్ల సచ్చిండో ఠాణల చెప్తవా?"

దామోదర్ తల ఊపాడు.

"తల గాదు. నోటితోని చెప్పు."

చీలిన పెదవులు ఆడాయి. మాట పలకలేదు; దవడ ఆగకుండా కొట్టుకుంటోంది.

"చెప్తవారా, చెప్పవా?" పరమేష్ కేక వేశాడు.

"ముందు నా చెయ్యి ఇడిపియ్యి," అన్నాను. "పానం పోతాంది. మాట వాడు ఎచ్చవడ్డంక చెప్తడు."

పరమేష్ ముక్కు చీదాడు. రక్తం, నీళ్లు కలిసి గడ్డం మీంచి జారుతుంటే, వంగి మూడో వేలి మీద ఊదడం మొదలుపెట్టాడు.