సెల్లాయి భుజం మీద లెన్సు

రోజంతా నడిచేవాళ్లకు ఒక్క లెన్సు చాలని మా అమ్మాయి కృత్తిక చెప్పింది. ఫ్లాషు, చిన్న లెన్సు ఇంట్లోనే వదిలేశాను. పొడవాటి లెన్సునూ, మడత స్టాండునూ మాత్రం వదల్లేకపోయాను. నా చేతులు వణుకుతాయి. స్టాండు లేకపోతే బొమ్మ చెదిరిపోతుంది.

అరవనాట కినత్తుకడవు ఊరు దాటాక, నా భార్య మాలిని పుట్టిన ఊరి పొలిమేరలో, ఒక మోడుతాటి తొర్రలో గుడ్లగూబలు ఉండేవట. బడికి వెళ్తుంటే తల తిప్పి తననే చూసేవని ఆసుపత్రి మంచం మీద కూడా చెప్పి నవ్వింది. ఇంకా ఉంటే వాటి ఫోటో ఒక్కటి కావాలి నాకు.

ఉన్నాయి, రెండు. కొబ్బరితోపు గట్టున స్టాండు విప్పి కెమెరా బిగిస్తుంటే, ఆ తోపు సొంతదారు సెల్లాయి కొడవలితో వచ్చి ఎదురుగా నిలబడింది. ఎవరు పంపారని అరవంలో అడిగింది. తెలుగులో జవాబిస్తే మెత్తబడుతుందనుకున్నాను. ముఖం ఇంకా బిగిసింది.

“ముందొచ్చినోళ్లూ మన మాటే మాట్లాడిరి. ఇట్నే మూడు కాళ్లది నిలబెట్టిరి. వాళ్లు పోయినాక చూస్తే నా నిలంలో రాయి పాతిండారు.”

కొత్త రోడ్డు కొలతలట. బావి వాళ్ల గీతలో పడిందట. బావి పోతే తోపు ఎండినట్టే. మా మామగారి పేరు చెప్పాను. ఆ పేరు టీకొట్లో ఎవరినడిగినా చెబుతారు, అదేం సాక్ష్యమంది. కెమెరా విప్పి నా చేతికిచ్చి, స్టాండు మడిచి చంకన పెట్టుకుంది.

ఉత్త చేతులతో తీసి చూశాను. అన్నీ చెదిరాయి. ఆమె నా వేళ్లను కాసేపు చూసి, దగ్గరికొచ్చి వీపు తిప్పి నిలబడింది.

“నా బుజం మింద పెట్టప్పా. ఏ పక్క తిప్పుతావో నాకూ తెలస్తాది.”

లెన్సు ఆమె పైట మడత మీద ఆనింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ఈసారి ఈకల మీది చుక్కలు కూడా స్పష్టంగా పడ్డాయి. చూపించాను. ఆమె పక్షుల్ని చూడలేదు. ఒక మూలకు వేలు పెట్టింది. అక్కడ బావి గోడ, దాని పక్కన తెల్ల రాయి.

“చెరిపెయ్యి.”

ఎవరికీ చూపనన్నాను. వేలు తీయలేదు. ఆమె కళ్లముందే చెరిపేశాను.

బావి కనపడకుండా పక్కకు జరిగి, మళ్లీ వీపు తిప్పి నిలబడింది. “ఇప్పుడు తీయి. బిరీన. ఎగిరిపోతాయి.”

తీశాను. తెర దగ్గరికి వంగి ముందు మూలలన్నీ వెతికింది. తరువాతే పక్షుల్ని చూసింది.