ఇరవై ఏడుకు ఒక్క రింగు

శాంతయ్య ఫోనును స్పిరిటు దూదితో తుడుస్తుండగా అది అతని చేతుల్లోనే మోగింది. ఉలిక్కిపడి రిసీవరు చెవికి ఆనించుకున్నాడు. తడి ఆరని స్పిరిటు చెవికి చల్లగా తగిలింది.

"పెద్దాయనా, పెట్టె వచ్చేసింది. ఈ పొద్దే కలిపేద్దాం," అంది అవతల గేటు ఫోను నుంచి సాహితి. మిషన్ ఆసుపత్రి కొత్త భవనంలో ఫోన్లు పెట్టడానికి కర్నూలు నుంచి వచ్చిన ఇంజనీరు ఆమె.

శాంతయ్యకు ఆ మాట పెళ్లి కుదిరిన కబురులా వినిపించింది. ఆసుపత్రి టెలిఫోన్ మెకానిక్‌గా అతనికి ఇదే ఆఖరి రోజు. ఇంకొక్కరోజు ఆలస్యమైతే ఆ పెట్టెతో అతనికి పనే ఉండదు.

సన్నటి మనిషి. ముప్పై మూడేళ్లు రిసీవర్లు అదిమి అదిమి ఎడమ చెవి కాస్త అణిగిపోయింది. నిచ్చెన మోసిన కుడి భుజం కిందికి వాలింది. అతని భార్య ఏసుమణి ఆసుపత్రి వంటింట్లో పనిచేస్తుంది. పెళ్లయిన మొదటి నెలలోనే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. వంటింటి ఇరవై ఏడో నంబరుకు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే 'వస్తున్నా, సంగటి దించు' అని. రెండు రింగులైతే 'ఆలస్యమవుతుంది, మూత పెట్టు' అని. వంటింట్లోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్లకూడదు కాబట్టి ఆ ఒప్పందం ఇన్నేళ్లూ చెక్కుచెదరలేదు.

నెల కిందట వంటిల్లు కొత్త భవనంలోకి మారింది. అక్కడి ఫోన్లు ఇంటర్నెట్ మీద నడుస్తాయి, పాత ఎక్స్ఛేంజి తీగల మీద నడుస్తుంది; రెంటినీ కలిపే పెట్టె వచ్చేదాకా శాంతయ్య గది నుంచి వంటింటికి రింగు పోదు. నెల రోజులుగా శాంతయ్య గట్టిపడిన సంగటి తింటున్నాడు. వెళ్లిపోయే లోపు ఒక్కసారి, ఒక్క రింగు ఇవ్వాలని అతని కోరిక.

పది గంటలకు సాహితి తెచ్చిన పెట్టె టిఫిను డబ్బా కంటే చిన్నది. అతను తీగ కొనలు వలిచి ఇచ్చాడు, ఆమె బిగించింది. పచ్చ దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. కిటికీ అవతల ఎండలో వేపాకులు కదలకుండా నిలిచి ఉన్నాయి. గదిలో మాత్రం ఆ దీపాలు మిణుకుమిణుకుమంటూ నిద్రలో నవ్వే పసిబిడ్డ కళ్లలా ఉన్నాయి.

ఒంటిగంటకు శాంతయ్య తల దువ్వుకున్నాడు. ఇరవై ఏడు నొక్కాడు. ఒక్క రింగు. పెట్టేశాడు. వరండా పొడవునా ఈల వేసుకుంటూ నడిచాడు.

వంటింట్లో ఏసుమణి రోగుల ట్రేలు సర్దుతోంది. పొయ్యి మీద సంగటి లేదు.

"ఏమప్పా, చెప్పాపెట్టకుండా ఊడిపడితివి?"

"రింగు ఇస్తి గదమే!"

"యాడ ఇస్తివి? నేను ఈడనే, ఫోను ముందరే ఉండా. కలలో ఇచ్చినావేమో."

శాంతయ్య ముఖం వాడిపోయింది. కొత్త ఫోను సరిచూడటానికి వచ్చి దాని దగ్గరే నిలబడిన సాహితి నవ్వు ఆపుకుంది.

"మొదటి రింగు ఆ పెట్టెకే పోతాది పెద్దాయనా. ఎవురో పిలుస్తాండారని దానికి తెలిసేదే అప్పుడు. రెండో రింగు కాడి నుంచే ఈపక్క మోగుతాది."

"అయితే రెండు ఇయ్యాలనా?"

"రెండంటే ఆలస్యమని గదా!" అంది ఏసుమణి.

"నీకు వినపడేది ఒకటే అక్కా."

ఏసుమణి ఒక్క క్షణం ఆలోచించి, కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. "సరే, మళ్లా పోయి రాపో అప్పా. ఈసారి ఆ పెట్టెకు కూడా చెప్పి రా."

అతను ఎండలో మళ్లీ తన గదికి వెళ్లాడు. మొదటి రింగు దాటినా పెట్టేయకుండా ఉండటం అతని వేలికి చేతకాలేదు. కళ్లు మూసుకుని రెండోది విని, పెట్టేశాడు.

తిరిగొచ్చేసరికి ఏసుమణి గుమ్మంలోనే ఉంది. పళ్లెంలో పొగలు కక్కే సంగటి ముద్ద, నడుమ గుంటలో నెయ్యి, పక్కన చెనిక్కాయల చట్నీ.

"మోగిందిలే," అంది, పదహారేళ్ల పిల్లలా చూపు దించుకుని.

అతను తింటుంటే పక్కనే నిలబడి ఒక చేత్తో ట్రేలు తుడిచింది.

"నువ్వూ కూచోక్కా," అంది సాహితి.

"పెండ్లయిన కాడి నుంచి ముప్పై ఒక్క ఏండ్లుగా కూచోలేదు పాపా. ఈ గంటకే గదా వార్డులకు అన్నం పోయేది." ఆదివారాలు కూడా రోగులకు ఆకలి ఉంటుంది మరి.

అయిదింటికి ఆఫీసులో అతనికి శాలువా కప్పారు. తాళంచెవి తీసుకుని రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నారు. నిచ్చెన గోడకు ఆనుకునే ఉండిపోయింది. శాంతయ్య వెనక్కి చూడకుండా గేటు దాకా వచ్చాడు.

రోజంతా నిలబడ్డ కాళ్లు నొప్పెట్టి, ఏసుమణి అక్కడ చెప్పులు విడిచి నిలబడి ఉంది. అతని భుజం మీద శాలువాను నిమిరి చూసింది.

"రేపటికి లీవు రాసిచ్చినా."

"ఎందుకు?"

"సిద్దవటం పోదాం. పొద్దున్నే సంగటి వండి మూటగడతా. పెన్నేటి ఒడ్డున నీడ చూసుకోని, ఒంటిగంటకు నేనూ నీ పక్కన కూచోని తింటా."