వెడల్పు మూతి కొలత

ఇప్పపూల వాసన.

తెల్లవారగానే అడవి మీద నుంచి దిగి, గోదారి గాలిలో కలిసి, దుమ్ముగూడెం సెంటర్లో హఫీజ్ కుట్టుమిషను దాకా వచ్చి కూర్చుంటుంది. తీపిగా... కాస్త మత్తుగా...

హఫీజ్‌కు కొత్తగా మత్తు అక్కర్లేదు. రెండేళ్లుగా ఉన్నదే చాలు.

తబస్సుం.

సర్కారు దవాఖానాలో నర్సు. యూనిఫారాలు అతని దగ్గరే కుట్టిస్తుంది. గుండీ ఊడిందని ఒకసారి, చెయ్యి బిగుతైందని ఒకసారి, ఏమీ కాకపోయినా ఒకసారి — వస్తుంది. ఊరంతా అతన్ని హఫీజ్ భాయ్ అంటుంది. ఆమె ఒక్కతే భాయ్ అనదు. వట్టి హఫీజ్. అనని ఆ మాటను పట్టుకుని రెండేళ్లు బతికాడు, పిచ్చివాడు.

ఒకనాడు మాటల మధ్య ఆమె అతని అంగుస్తానా తీసి వేలికి తొడుక్కుంది. సూది గుచ్చుకోకుండా దర్జీలు పెట్టుకునే ఇత్తడి తొడుగు అది. రెండు వైపులా తెరిచే ఉంటుంది — ఒక మూతి ఇరుకు, ఒక మూతి వెడల్పు. ఆమె ఉంగరం వేలికి చక్కగా పట్టింది. చెయ్యి చాచి చూసుకుని నవ్వింది.

ఆ రోజంతా అతను దాన్ని పెట్టుకోకుండానే కుట్టాడు. సూది గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకోనీ.

దాన్నే జేబులో వేసుకుని ఖమ్మం బస్సెక్కాడు.

నగలు చేసే ముసలి దస్తగిరి ఒక్కొక్క ఉంగరమే తీసి చూపించాడు. పువ్వుది. నెమలిది. ఎర్రరాయిది. హఫీజ్ అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు.

"రాయి వద్దు చాచా. ఆమె దవాఖానాల గ్లౌజులు తొడుగుతది. రాయుంటే చినుగుతయ్."

దస్తగిరి కళ్లజోడు మీంచి చూశాడు. "పిల్లంటే మస్తు పాణమున్నట్టుంది. మరి కొలతేది?"

హఫీజ్ ఇత్తడి తొడుగు ముందు పెట్టాడు.

"ఏ మూతికి చెయ్యాలె బేటా? ఇరుకుదానికా, వెడల్పుదానికా?"

ఎంత గుడ్డకైనా లోపల రెండు వేళ్లు వదిలి కుట్టే చెయ్యి అతనిది. బిగుతైతే మనిషికి బాధ. వదులైతే తర్వాత లోపల మడిచి కుట్టుకోవచ్చు. దర్జీకి తెలిసిన లోకం అంతే.

"వెడల్పుదానికే చెయ్యి చాచా."

బంగారానికి లోపల మడతలుండవని అతనికి తట్టలేదు...

పెళ్లి మాట ఇంటి ఆడవాళ్లు మోసుకెళ్లడం వాళ్లలో పద్ధతి. ఎర్రుపాలెం నుంచి అక్క ఆదివారం మిఠాయితో వస్తానంది. కానీ అంతకన్నా ముందు తబస్సుంనే అడగాలి. ఆమె నోటితోనే అవ్ అనిపించుకోవాలి. శుక్రవారం పొద్దున ఆమె పిల్లలకు టీకాలు వేయడానికి అవతలి ఒడ్డుకు పోతుంది. అదే పడవెక్కాలి. నడిగోదాట్లో అడగాలి. అద్దం ముందు మాటలు కుట్టాడు, విప్పాడు, మళ్లీ కుట్టాడు.

శుక్రవారం... శుక్రవారం...

బుధవారం మధ్యాహ్నమే ఆమె వచ్చింది. ఎన్నడూ లేనిది, తల్లి ఖమరున్నీసాను వెంటబెట్టుకుని. యూనిఫారానికి గుండీలు ఏరుకుంటానని డబ్బా మూత తీసింది —

ఉంగరం గుండీల్లోనే ఉంది. మహా తెలివిగా దాచాడు మరి.

ఆమె ఏమీ అడగలేదు. మెల్లగా వేలికి పెట్టుకుంది. ఉంగరం వేలి చుట్టూ గిర్రున తిరిగింది. జారి అరచేతిలో పడింది.

"నాకంటే జర బొద్దుగుంటదా ఏంది ఆ పిల్ల?" అంది. నవ్వుతూనే అంది.

చెప్పొచ్చు. అప్పుడే చెప్పొచ్చు. నీకే — రెండక్షరాలు. కానీ పక్కనే స్టూలు మీద తల్లి. కన్నతల్లి ముందు పిల్లను అడగడమా! రెండ్రోజులే కదా అనుకున్నాడు. పడవలో ఇద్దరూ నవ్వుకోవచ్చు అనుకున్నాడు. గుడ్డలోనే కాదు, రోజుల్లోనూ వదులు వదిలే మనిషి.

ఆమె ఉంగరం డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ముబారక్, హఫీజ్ భాయ్."

భాయ్.

అతను గుండీల డబ్బాను తన వైపు లాక్కున్నాడు.

శుక్రవారం రేవు. టీకాల పెట్టెతో పడవ దగ్గరికి వచ్చింది తబస్సుం కాదు, ఇంకో నర్సు సుజన.

"తబస్సుం లీవ్ పెట్టింది అన్నా. ఇంట్ల చుట్టాలొచ్చిండ్రంట."

ఇసుకలో నిలబడి ఫోన్ చేశాడు. ఎత్తింది.

"ఆ ఉంగరం నీకే తబస్సుం. కొలత నేనే తప్పు ఇచ్చిన."

అటువైపు గిన్నెల చప్పుడు. ఆడవాళ్ల నవ్వులు. ఆ తర్వాత తలుపు వేసిన చప్పుడు.

"ఏడాది సంది ఖమ్మం సంబంధం వద్దు వద్దంటనే ఉన్న." ఆమె గొంతు తగ్గించింది. "ఎవరి కోసమనుకున్నవ్? మొన్న నీ దుకాణం నుంచి ఇంటికి పోయి, అవ్ అన్న. అబ్బా మాటిచ్చిండు. వాళ్లొచ్చి కూసున్నరు."

అతను జేబులోని ఉంగరాన్ని పిడికిట్లో బిగించాడు.

"చెప్పు హఫీజ్... ఇప్పుడు బయటికి పోయి అబ్బాకు ఏమని చెప్పాలె?"

పడవ నడిపే దూలయ్య తాడు విప్పుతున్నాడు. "ఎక్కుతవా, ఉంటవా?" అని కేకేశాడు.

ఆమె ఫోన్ పెట్టేయలేదు. ఏడుపు ఆపుకుంటూ, అతను ఏదో ఒకటి అంటాడని — ఆగింది.