నాలుగింటి దాకా రాసిన ఊపిరి

మూడో మంచం దగ్గర వెంటిలేటర్ అరుస్తూనే ఉంది. నర్సు ఆరో మంచం రోగి గొంతు గొట్టంలోంచి కఫం లాగుతోంది. మధ్యలో వదిలేస్తే ఈయనకు ఊపిరాడదు. ఆరు వెంటిలేటర్లకు ఆమె ఒక్కతే. అరవని మిషను ఆ వార్డులో ఎప్పుడుంది గనక!

చేతిలో పని ముగించి పరుగెత్తేసరికి మూడో మంచం మీది క్వారీ మేస్త్రీ పెదాలు నీలం తిరిగాయి. గొట్టం కఫంతో పూడుకుపోయింది. డాక్టరు వచ్చి గొట్టం మార్చాడు, ఛాతీ నొక్కాడు. మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఇక లాభం లేదని చేతులు తీసేశాడు.

మంచానికి వేలాడే చార్టులో మాత్రం మేస్త్రీ నిక్షేపంగా ఉన్నాడు. రెండింటికి ఆక్సిజన్ తొంభై ఆరు. మూడింటికి తొంభై ఏడు. నాలుగింటికీ అంతే. అన్నీ ఆమె చేతిరాతే. డ్యూటీ ఎక్కగానే ఎనిమిది గంటల అంకెలూ ఒక్కసారే రాసిపారేయడం అక్కడి ఆచారం. గంటగంటకూ చూసి రాసే తీరిక ఎవరికి ఏడ్చింది? కొత్తలో అలా రాయడానికి ఆమెకు చెయ్యి వచ్చేది కాదు. తర్వాత అలవాటు పడింది. సిగ్గుమాలిన చెయ్యి.

హెడ్ నర్సు ఖాళీ చార్టు తెచ్చింది.

"దీన్లో మళ్లీ రాసెయ్. గంటగంటకీ చూశావు, ఉన్నట్టుండి గుండె ఆగింది. పాతది ఇలా ఇయ్యి."

"ఉన్నట్టుండి కాదు మేడం. మిషను చాలాసేపు అరిచింది."

"నోర్ముయ్! మునిగేది నీ కొంపే, పిచ్చిదానా. రాసింది నువ్వు."

"నేనే. రాయడం నేర్పింది మీరు. ఇంకో మనిషిని వెయ్యమని మొత్తుకుంటే పైవాళ్లేమన్నారు? చార్టులన్నీ బాగానే ఉన్నాయిగా, ఇంకో మనిషెందుకన్నారు."

హెడ్ నర్సు చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అంతలో తలుపు తోసుకుని మేస్త్రీ భార్య వచ్చింది. మంచం వైపు చూసి అక్కడే నిలబడిపోయింది.

"పొద్దున నేనేడుస్తుంటే నా చెయ్యి గిల్లాడమ్మా, ఏడవొద్దని. ఇంతలో ఏమైంది? నాకు చదువు రాదు. ఆ కాగితంలో ఏం రాశారో చెప్పు తల్లీ."

ఈ ఉద్యోగం పోతే నర్సును మరో ఆసుపత్రి గడప తొక్కనివ్వరు. అయినా పాత చార్టును రెండు చేతులా పట్టుకుంది.

"రెండింటికి," అని చదవడం మొదలుపెట్టింది, "ఆక్సిజన్ తొంభై ఆరు. బాగుంది."

మేస్త్రీ భార్య తలెత్తి గోడ గడియారం చూసింది. ఇంకా రెండు కాలేదు.